మీ గొట్టం

"మన మోటార్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది చెవిలో గొంతు. వకుళ ఆకుపచ్చ మీట నొక్కింది. మాట పైఅంతస్తుకు పోయింది. "మీ మెట్లు జారుతున్నాయి" అంది ఇంకో గొంతు. ఎర్రమీట. ఆ మాట అడుగుగదిలో పడింది. అక్కడ పడ్డవి ఎవరూ వినరు.

సముద్రపు నీటిని మంచినీరు చేసే ఆ కర్మాగారంలో ప్రతి మెడకూ మాటలు వినే గళపట్టీ ఉంటుంది. 'మన' అంటూ సంస్థను సొంతమనుకునేవాడి మాటే వినదగ్గదని, యంత్రాలకు అదే ఆజ్ఞ అని యాజమాన్యం సిద్ధాంతం. పట్టీల మాటల్ని వేరుచేసే శ్రుతియంత్రం తేల్చుకోలేని మాటలు వకుళ దగ్గరికి వస్తాయి. ఆమె తీర్పు చూసే అది నేర్చుకుంటుంది.

తరువాతిది గొట్టాల పనివాడు పైడిరాజు గొంతు. "మీ మూడో గొట్టం బీటేసింది. మావోళ్లు దాని కిందే ఇరుక్కున్నారు. తలుపు తియ్యండి!"

వకుళ లైను కలిపింది. "పైడిరాజు గారూ, 'మన గొట్టం' అనండి. తలుపు అదే తెరుచుకుంటుంది."

"పొద్దున్నే అన్నాను తల్లీ. కపటం అని కూసింది మీ పట్టీ. నీల్లమ్ముకునీది ఆల్లు, సచ్చీది మావోళ్లు. మనసులో నేని 'మన' ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

ఆమె మేనేజరు వల్లభరావుకు ఫోను చేసింది.

"ఎర్రమాటలు నా దగ్గరికి తేకండమ్మా" అన్నాడాయన. "నిబద్ధత లేనివాడికి అన్నీ బీటలే కనిపిస్తాయి. రేపు బోర్డువాళ్లొస్తున్నారు, నిబద్ధతా సూచిక తగ్గితే మీదే పూచీ."

వకుళ తీర్పు ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఇంటిదగ్గర కూడా 'మన కంపెనీ' అనే అనేది. ఆమె ఆకుపచ్చ మీట నొక్కింది.

'మీ' అనగా 'మన'. ఖాయమా? అని అడిగింది యంత్రం.

"ఖాయం."

తలుపు తెరుచుకుంది. ఆఖరి మనిషి గడప దాటాక గొట్టం పగిలింది.

కొత్త పాఠం నేర్చిన యంత్రం అడుగుగదిని మళ్లీ వినసాగింది. ఏళ్లుగా పేరుకున్న 'మీ'లన్నీ 'మన'లై ఒక్కసారిగా పైకి లేచాయి. ప్రతిదీ ఆజ్ఞే. 'పంపు ఆపండి' అన్న పాత మాటకు తుప్పుపట్టిన పంపు ఆగింది, దాని వెనకదీ ఆగింది. కాసేపటికి కర్మాగారమంతా నిశ్శబ్దం.

వల్లభరావు పరిగెత్తుకొచ్చాడు. గోడమీద నిబద్ధతా సూచిక నూటికి నూరు చూపిస్తోంది.

"ఎవరమ్మా, ఎవరు చేశారిది? మన ప్లాంటుని?"

వకుళ గళపట్టీ విప్పి బల్లమీద పెట్టింది.

"మేమేనండీ."