ఖాకీ జేబు

ఉదయం ఎనిమిదింటికే ఆ ఇంట్లో కుట్టుమిషను మోత మొదలైంది. బడిపిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తున్న టీచరమ్మ పదింటికి వస్తానంది. ఆమె అడిగినవి నేల మీద పరుచుకునే గుడ్డలు పన్నెండు. ఒక్కోదానికి చెంచాలు పెట్టుకునే జేబు, చుట్టి కట్టడానికి నాడా, పక్కన నీళ్లసీసాకి తొడుగు. అన్నీ పాత చొక్కాలు, కర్టెన్లు, దిండు గలీబులతో కుట్టినవే.

మిషను ముందు కోడలు, కిటికీ పక్కన నేల మీద అత్తగారు. అత్తగారికి చూపు మసకబారి రెండేళ్లయింది. అయినా పాత బట్టల కుట్లు విప్పే పని ఆవిడదే. చొక్కాని తిరగేసి ఒళ్లో పరుచుకుని, సూదిమొనతో ఒక్కో కుట్టూ లేపి దారం లాగేది. కోడలికి అంత ఓపిక లేదు. కుట్టు పక్కనే కత్తెర పెట్టి సర్రున కోసేస్తుంది.

"కుట్టు లోపల అరవేలెడు గుడ్డ ఉంటుందమ్మాయ్. దాన్నీ కోసి పారేస్తే ఎలా?"

"మీలా విప్పుతూ కూర్చుంటే ఆ పిల్లలు పెళ్లిళ్లయ్యాక వెళ్లాలి పిక్నిక్‌కి."

అత్తగారు నవ్వింది. ఏడు నెలలుగా నవ్వు ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిపోతోంది. లైన్‌మన్‌గా పనిచేసే కొడుకు, కరెంటు ఆపేశారనుకుని స్తంభం ఎక్కాడు. ఆపలేదు. అంతే.

కోడలు టీ తెచ్చి, కప్పు పిడి ఆవిడ కుడిచేతి వైపుకి తిప్పి పెట్టింది. రోజూ అలాగే పెడుతుంది. పెడుతున్నానని ఏనాడూ చెప్పలేదు.

టీ తాగి అత్తగారు తయారైన గుడ్డలు ఒక్కొక్కటే చుట్టి నాడాలు కట్టింది. పన్నెండూ అయ్యాక, బల్ల కింద చేతికి ఇంకోటి తగిలింది. మందపాటి ఖాకీ. ఒక పక్క ఇంకా మూసి కుట్టలేదు. వాచ్‌మన్ల పాత యూనిఫారాలు వాళ్లింటికి గుట్టలుగా వస్తాయి కాబట్టి ముందు ఏమీ అనుకోలేదు. జేబు తడిమేసరికి చెయ్యి ఆగిపోయింది. జేబు పక్కనే సన్నటి అర. టెస్టర్ పెట్టుకోవడానికి కావాలని కొడుకు అడిగితే, కళ్లు బాగున్న రోజుల్లో తనే కుట్టిన అర అది.

"మిషను ఆపు."

"ఒక్క నిమిషం అత్తయ్యా, ఈ తొడుగు..."

"ఆపమన్నానా! ఇవి వాడి చొక్కాలు కదూ?"

మోత ఆగింది. కోడలు ఇటు తిరిగింది.

"సంచిలో భద్రంగా దాచానన్నావే! ఎవరు ముక్కలు చేశారు?"

కోడలు కాస్త తటపటాయించింది. "నేనే."

"చేతులెలా వచ్చాయే నీకు? వాడి చెమట పట్టిన గుడ్డ మీద ఎవరి పిల్లలో కూర్చుని తిని మూతులు తుడుచుకోవాలా? గుడ్డలు కరువైతే నా చీరలు కోసుకోవాల్సింది! మా అమ్మాయికి ఫోన్ కలుపు. ఈ పూటే వెళ్లిపోతాను. ఈ ఇంట్లో ఇక నాకు ముద్ద దిగదు."

"అలాగే అత్తయ్యా. టీచరమ్మ వచ్చి వెళ్లాక కలుపుతాను."

ఆ మెత్తదనం అత్తగారికి వింతగా తోచింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ మాటకి మాట అప్పజెప్పే మనిషి. తప్పు లేకుండా ఒక్క మాట పడదు, తప్పున్నా సగమే పడుతుంది. ఇవాళ ఇంతలేసి మాటలు ఎందుకు పడుతోంది?

ఆలోచిస్తూనే ఆవిడ వేళ్లు తెరిచి ఉన్న పక్కలోకి దూరాయి. ఖాకీ అంచు తగిలింది. అరవేలెడు గుడ్డ, ఒక్క పోగు కూడా పోకుండా. దాని వెంట వరసగా పాత కుట్ల చిల్లులు. దారం లాగిందే తప్ప ఎక్కడా కత్తెర పడలేదు.

"అమ్మాయ్." గొంతు మారిపోయింది. "ఇది నువ్వు కోసింది కాదు."

కోడలు తల వంచుకుంది.

"నేనే కదూ?"

"నేను బజారుకెళ్లిన రోజు. వచ్చేసరికి మూడు చొక్కాలూ విప్పేసి మడతలు పెట్టారు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నారు."

"సంచికి ముడి ఉందే! ముడేసిన సంచంటే కుట్లు విప్పమనేగా?"

"మీకు అలా అర్థమైంది. నేను ముట్టుకోవద్దని వేశాను. ఆయనవి అందులో ఉన్నాయని నోటితో చెప్పాల్సింది. ఆయన ఊసెత్తితే మీరు ఏడుస్తారని చెప్పలేదు."

తిరగేసి విప్పుతుంది గనక జేబు అడుగుకి పోయింది, చేతికి తగల్లేదు. అది అర్థమైనా ఆవిడకి ఊరట కలగలేదు.

"ఒళ్లో పెట్టుకుని విప్పానే. కన్నతల్లిని. నా చేతులకి తెలియలేదే!"

కోడలు వచ్చి పక్కన కూలబడింది. "మళ్లీ చొక్కాగా కుడదామని ఐదారుసార్లు చూశాను. కాలరు అరిగి చిరిగిపోయింది, కుదర్లేదు. ముక్కలుగా ఉంటే ఏ సంచిలోనో కలిసిపోతాయని ఇలా ఒక్కటి చేశాను. ఇది అమ్మేది కాదు అత్తయ్యా."

"నా తప్పు నీ నెత్తినెందుకు వేసుకున్నావే?"

"నన్ను తిడితే మీకు రెండ్రోజుల్లో తగ్గిపోతుంది. మిమ్మల్ని మీరు తిట్టుకుంటే తగ్గదు."

అత్తగారు కోడలి తల తడిమి దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. ఏడు నెలల్లో ఒకరి ఎదుట ఒకరు ఏడవడం అదే మొదలు. అంతదాకా ఎవరి గదిలో వాళ్లు ఏడ్చుకున్నారు.

పదింటికి టీచరమ్మ వచ్చి పన్నెండూ తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, "ఆ ఖాకీది భలే ఉందండీ, ఎవరిది?" అంది.

"మాది," అంది అత్తగారు.

తలుపు మూశాక కోడలు అడిగింది. "ఫోన్ కలపనా, వదినకి?"

"నోరు మూసుకుని ఆ పక్క కుట్టు."

కోడలు కుట్టింది. నేల మీద పరిచి అత్తగారి చెయ్యి పట్టుకుని చూపించింది. ఇవి చేతులు, ఇది వీపు, ఇది జేబు.

"కూర్చోండి అత్తయ్యా."

"వాడి మీదా?"

"చిన్నప్పుడు ఆయన మీ ఒళ్లో కూర్చోలేదా?"

ఆవిడ కోడలి భుజం ఊతంగా మెల్లగా కూర్చుంది. ఖాకీ మందంగానే ఉంది, అయినా కింది నేల చల్లదనం తెలుస్తూనే ఉంది. ఆవిడ లేవలేదు.