పొట్టి లింకుకు పుట్టెడు బుద్ధులు

"గా మెసేజ్ నేను పంపలే మేడమ్, ఒట్టు!" అంటూ స్వరూప కుర్చీలో కూలబడింది.

అది 2009 వేసవి. మలక్‌పేటలో ప్రైవేట్ డిటెక్టివ్ మైథిలి ఆఫీసు. స్వరూప ఫలక్‌నుమాలో తమ బస్తీ కమ్యూనిటీ హాల్లో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. నెట్‌లోని పాఠాల అడ్రసులు బారెడు పొడవుంటాయి, ఎస్సెమ్మెస్‌లో పట్టవు. అందుకని వాటిని పొట్టి లింకులుగా మార్చి ఇళ్లకు పంపేది. మొన్న ఎవరో కొత్త నంబరు నుంచి, ఆమె పేరుతో, "మీ అమ్మాయి రిజల్ట్ చూడండి" అని ఓ పొట్టి లింకు పంపారు. తండ్రులు నెట్ సెంటర్‌కు పోయి తెరిస్తే అన్నీ బూతుబొమ్మలే! ఈ సాయంత్రం బస్తీ పెద్దలు క్లాసు మూసేయబోతున్నారు.

"పోరీలు ఇప్పుడిప్పుడే మౌస్ పట్టుకుంటున్నరు మేడమ్. బంద్ వెడితే మళ్ల ఇండ్లల్లకెల్లి పంపరు," అని ఏడ్చేసింది స్వరూప.

అసిస్టెంట్ ప్రేమ్‌రాజ్ అప్పటికే బండి తాళాలు తీశాడు. మైథిలి ఓడిపోయే కేసు ఇంకా పుట్టలేదని అతని నమ్మకం.

హాల్లో కంప్యూటర్ల వెనక క్యారమ్ బోర్డొకటి దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మైథిలి దాన్ని ఓసారి చూసి, ప్రశ్నలు మొదలుపెట్టింది. మొదట రైల్వే కూలీ ఆగయ్య.

"బిడ్డ రిజల్ట్ అనుకొని మురుసుకుంట పోయిన. అందర్ల ఇజ్జత్ పోయింది," అన్నాడతను.

నెట్ సెంటర్ అమరనాథ్ భుజాలెగరేశాడు. "ఎవరు పంపిన్రో నాకేం ఎరుక? లింకు పొట్టిగ చేసుడు ఇప్పుడు పెద్దమనుషులు గూడ నేర్చుకుంటున్నరు."

హాలు ప్రెసిడెంట్ పురుషోత్తం మాత్రం మండిపడ్డాడు. "నాకూ వచ్చింది. రాంగనే గలీజ్ బొమ్మలని సమజైంది. తెరవలే, తుడిచేసిన."

"ఎవరైనా చెప్పారా అండీ, అందులో ఏముందో?"

"ఒకలు చెప్పాల్నా? నాకు కండ్లు లేవా?"

మైథిలి నవ్వి ఊరుకుంది. ప్రేమ్‌రాజ్‌కి ఆ నవ్వు తెలుసు. దొంగ దొరికాడన్న మాట.

సాయంత్రం అందరూ హాల్లో చేరారు. మైథిలి ఆగయ్య ఫోన్ తీసుకుని, ఆ మెసేజ్‌ని ఒక్కొక్కరికీ చూపించింది.

"ఇందులో బూతు ఎక్కడుంది?"

"ఏడుంది? నాలుగు ఇంగ్లీషు అచ్చరాలే," అన్నాడు ఆగయ్య.

"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. పొట్టి లింకుకీ అంతే. మెసేజ్‌లో ఇట్టే పడుతుంది, కానీ ఎక్కడికి తీసుకెళ్తుందో పైకి చెప్పదు. తెరిచినవాళ్లకు తెలుస్తుంది, లేదా తయారుచేసినవాడికి. పురుషోత్తంగారు తెరవలేదు, ఎవరూ చెప్పలేదు. మరి బొమ్మలని ఎలా తెలిసింది? అమరనాథ్‌గారూ, మీ సెంటర్లో నేర్చుకున్న ఆ పెద్దమనిషి ఎవరు?"

అమరనాథ్ తల గోక్కున్నాడు. "పురుషోత్తం సారే మేడమ్. మంచి పనికే అనుకున్న."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పురుషోత్తం చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది. అది కూడా అందరూ చూసేశాక ఇక బుకాయించలేకపోయాడు.

"దోస్తులమంత గీడనే క్యారమ్ ఆడుతుంటిమి. కంప్యూటర్లొచ్చి మమ్మల్ని ఎల్లగొట్టినయి," అన్నాడు తల దించుకుని. "జర లొల్లి అయితే క్లాసు పోతదనుకున్న. పిల్ల బద్నాం అయితదని సోంచాయించలే."

ఇంత చిన్న కారణానికా అని ప్రేమ్‌రాజ్ నోరు వెళ్లబెట్టాడు. మైథిలికి మాత్రం ఒళ్లు మండింది. అక్కడే అందరి ముందూ స్వరూపకు క్షమాపణ చెప్పించింది. ప్రెసిడెంట్ పదవి పోయిందని పెద్దలు అప్పటికప్పుడే తేల్చేశారు.

"మరి ఇంక లింకులు పంపొద్దా మేడమ్?" అంది స్వరూప బెరుగ్గా.

"పంపు. ముందు క్లాసులో చెప్పి, నీ నంబరు నుంచే పంపు. కొత్త నంబరు నుంచి ఏదైనా వస్తే నీకు ఫోన్ చేసి అడగందే తెరవొద్దను."

ఆగయ్య లేచి స్వరూప ముందు నిలబడ్డాడు. "తప్పైంది బిడ్డా. నువ్వే పంపినవా అని ఒక్క మాట అడగకపోతి. రేపు క్లాసు ఉంటదా?"

స్వరూప కళ్లు తుడుచుకుని కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆన్ చేసింది.

"రేపటిదాంక ఎందుకు బాపూ? పోరీలను ఇప్పుడే పంపున్రి."