లవంగం వాసన వచ్చిన టేపు

"సారూ, జర జల్ది రాండ్రి! నా మొగణ్ని గోదాంల ఏసి కొడుతుండ్రు!" అంటూ కమ్లీ డిటెక్టివ్ జనార్దన్ గుమ్మంలోనే కూలబడింది.

సకల జనుల సమ్మె రోజులవి. జనగామ పోలీసులంతా బందోబస్తుకు పోయారు. అందుకే హోల్‌సేల్ వ్యాపారి శకుంతలమ్మ ముక్కుపుడక రవ్వ పోగానే, కుళాయి బాగుచేయడానికి వచ్చిన కమ్లీ భర్త చత్రును ఇంటివాళ్లే బంధించారు. నగలపెట్టె పక్కన తెల్ల టేపు దొరికిందట, కుళాయి మరలకు చుట్టేది. కొత్తగూడ తండా నుంచి వచ్చినవాణ్ని దొంగను చేయడానికి ఆపాటి సాక్ష్యం కూడా అక్కర్లేదు.

జనార్దన్ వెంట సహాయకురాలు అహల్య శకుంతలమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆయన తెలివంటే ఆమెకు మహా గురి, ఆయన నిదానమంటే ఒళ్లుమంట. గోదాంలోంచి కేకలు వినిపిస్తుంటే ఈయన టేపును వాసన చూస్తున్నాడు!

"ముందు కొట్టుడు ఆపుండ్రి," అన్నాడాయన.

"రవ్వ దొరకనీ, ఆపుతం. ఇంట్ల అందర్నీ ఎతికినం, నా కొడుకును సుత ఇడువలే," అంది శకుంతలమ్మ.

కొడుకు రమాకాంత్ చాయ్ ముట్టలేదు, కప్పు మీద మీగడ కట్టింది.

"తాగవా?" అని అడిగాడు జనార్దన్.

"పన్నుకు ఇలాజ్ నడుస్తుంది సార్, సుభాషిణి డాక్టర్ దగ్గర."

జనార్దన్ ఆ డాక్టర్‌ను పిలిపించి, అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"కుళాయికి చుట్టిన టేపు మీద మరచుట్ల అచ్చు పడుతది. గిది శనగగింజంత ఉండ. లవంగం వాసనొస్తుంది. ఏంది డాక్టరమ్మా గిది?"

"నేను పెట్టిందే. దూది తడి పీల్చి కుళ్లుతుంది. అందుకే ఈ టేపునే శుద్ధి చేసి పంటి గుంటలో పెడతాను, పైన లవంగనూనె సిమెంటుతో తాత్కాలికంగా మూస్తాను."

జనార్దన్ రమాకాంత్ వైపు తిరిగాడు. "బస్సులు బంద్. రవ్వను ఊరు దాటియ్యలేవు, ఒళ్లంత ఎతుకుతరు. సిమెంటు పెకిలించి, టేపు తీసి, రవ్వ పెట్టి మైనంతోని మూసినవ్. వేడి చాయ్ తాగితే మైనం కరుగుతది. నోరు తెరువు!"

పంటి గుంటలో డాక్టర్ చిమటాకు రవ్వ దొరికింది.

"ఆ రవ్వ నాకియ్యకుండ చెల్లె బిడ్డకిస్తనంటివి గదనే అమ్మా!" అని రమాకాంత్ బావురుమన్నాడు. ఎవరో అతనికి పుక్కిలించమని నీళ్లిచ్చారు.

చత్రును బయటికి తెచ్చారు. శకుంతలమ్మ తల దించుకుంది. "తప్పైంది బిడ్డా. ఏం గావాల్నో అడుగు."

"దొంగకు అడగకముందే నీళ్లిచ్చిండ్రు, అవ్వా," అంది కమ్లీ. "నా మొగడు పొద్దటిసంది నీళ్లే అడుగుతుండె."

అహల్యకు దుఃఖం ఆగలేదు. చెంబు అందించింది. పట్టుకోవడానికి దెబ్బలకు వాచిన చత్రు వేళ్లు వంగలేదు.