ఎనిమిది పాళ్లు తక్కువ

ఆ కుండల కార్ఖానాలో బట్టీ గది మంచిది కాదని అందరికీ తెలుసు. పగలైతే పరవాలేదు. పొద్దుపోయాక లోపల ఎవరో తూకాలు చెబుతుంటారట... ఆడగొంతు. "ఫెల్‌స్పార్ నలభై..." అని మొదలవుతుందట. ఆ తర్వాత ఏం చెబుతుందో నిలబడి విన్న మగాడు ఒక్కడూ లేడు.

ఆ గొంతు ఎవరిదో పూతలావిడకు తెలుసు.

కాల్చిన కుండకి గాజులా మెరిసే పూత కలపడం ఆవిడ పని. ముప్పై ఏళ్లు ఆడపడుచుతో కలిసి చేసింది. ఆడపడుచు తూకం చెప్పాలి, ఈవిడ తూచి అదే మాట తిరిగి అనాలి — అప్పుడే పొడి బకెట్లో పడాలి. అదీ వాళ్ల పద్ధతి. నీలం పూత లెక్క మాత్రం ఇద్దరూ ఎక్కడా రాసిపెట్టలేదు. పక్క కార్ఖానా వాళ్ల కంటపడుతుందని భయం. "వదినకు గుర్తుందిగా, నాకేం" అని ఆవిడా, "తనకుందిగా" అని ఈవిడా.

కిందటేడు ఆడపడుచు ఆ గదిలోనే, బట్టీ ముందు స్టూలు మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

మొన్న నీలం బకెట్ అడుగంటింది. కొత్తది కలపాలి. కోడలు నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే, పూతలావిడ ఫెల్‌స్పార్ రాయిపొడి దగ్గర్నుంచి ఐదు పొడులూ గడగడా చెప్పేసింది.

"కూడితే తొంభై రెండే అత్తయ్యా. ఏ పూతైనా వందకి లెక్క అని నా బుర్ర తిన్నది మీరే కదా?"

"సరిగ్గా కూడావా?"

"మూడుసార్లు. ఆ ఎనిమిది పాళ్లూ ఏంటి మరి?"

పూతలావిడ ఒక్కో వేలూ మడుస్తూ మళ్లీ చెప్పుకుంది. ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ లేదు...

ఉన్నవాటితోనే కలిపి కాల్చారు. పూత కారిపోయి, కుండలన్నీ బట్టీ పలకలకి అంటుకుపోయాయి. ఉలి పెట్టి ఊడదీస్తూ కోడలు, "ఇంక ఆ నీలం సంగతి మర్చిపోండత్తయ్యా" అనేసి నాలిక్కరుచుకుంది.

మర్చిపోవడమే కదా ఆవిడ భయం! ముందు తాళాలు. తర్వాత పక్కింటావిడ పేరు. ఇప్పుడు నీలం. రేపు ఈ కోడలి ముఖమేమో...

ఆ రాత్రి తెల్లపూత కుండలు కాల్చాలి. బట్టీ దగ్గర తనే ఉంటానంది.

"అమ్మో, ఒక్కరే? ఆవిడ ఉంటుంది కదా అక్కడ!"

"ఉండనీవే. నా ఆడపడుచే కదా. బతికుండగా పీక్కుతిన్నదానికన్నా ఇప్పుడేం ఎక్కువ తింటుంది?"

నవ్వుతూనే వెళ్లింది. తలుపు మూశాక నవ్వు రాలేదు.

వేడి పన్నెండు వందల డిగ్రీలు దాటింది. కంతలోంచి చూస్తే లోపలి మట్టి కోను ఇంకా నిటారుగానే ఉంది. అది వంగితే పూత కరిగినట్టు... బట్టీ ఆపెయ్యాలి. ఒళ్లో నోటుబుక్కు, చేతిలో పెన్సిలు.

అప్పుడు — బట్టీ వెనకనుంచి —

"ఫెల్‌స్పార్ నలభై..."

ముప్పై ఏళ్ల అలవాటు... నోరు దానంతటదే కదిలింది.

"ఫెల్‌స్పార్ నలభై."

"సుద్ద పద్దెనిమిది..."

"సుద్ద పద్దెనిమిది."

తెల్లమట్టి పదిహేను. పలుగుపొడి పదిహేను. ఒక్కో మాటకీ గొంతు దగ్గరవుతోంది.

"రాగిపొడి నాలుగు..."

"రాగిపొడి నాలుగు."

కంతలో కోను మెల్లగా తల వంచుతోంది. పూతలావిడ లేవలేదు. పెన్సిలు కాగితం మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు చెబుతుంది... ఆ ఎనిమిదీ ఇప్పుడే...

ఏమీ వినపడలేదు.

బట్టీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి, చెవి పక్కనే, చల్లటి ఊపిరితో —

"వదినా... ఆ తర్వాతదేంటి? ఏడాది నుంచీ ఇక్కడే ఆగిపోతున్నాను."