కొన్న దేవుడు

"తురోవ్, నీ తమ్ముడు ఏ సబ్‌మెరైన్‌లో ఉన్నాడు?"

కల్నల్ జబెలిన్ ప్రశ్న అడిగాడంటే జవాబు అప్పటికే ఆయన దగ్గర ఉందన్నమాటే. సవేలీ తురోవ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"దాని ప్రొపెల్లర్ డిజైన్‌ని ఎవడో మైక్రోఫిల్మ్ తీశాడు. అది అవతలి దేశానికి చేరిందా, సముద్రం అడుగున మీ యెగోర్ దగ్గినా వాళ్లకు వినిపిస్తుంది. ఆ తర్వాత నీకు తమ్ముడుండడు."

"ఫిల్మ్ ఎక్కడుంది?"

"చెక్క మీద గీసిన నికోలా స్వామి పాత పటంలో. చెక్క వంగిపోకుండా వెనక బద్ద బిగిస్తారే, దాన్ని తొలిచి లోపల పెట్టారు. రేపు ద్వినా నది స్టీమర్‌లో మన అర్ఖాంగెల్స్క్ రేవుకు వస్తోంది. ఇక్కడ విదేశీ కలప ఓడ కాచుకుని ఉంది. మోసేవాడెవడో తెలీదు. అందరినీ సోదా చేస్తే తప్పించుకుంటాడు. నువ్వు ఈ రాత్రికే ఎగువ రేవులో పశువుల డాక్టరు వేషంలో ఎక్కు. ఇంగా తోడొస్తుంది."

ఇంగా వాల్డ్‌మనే రీగా నుంచి వచ్చిన పటాల నిపుణురాలు. పటాలను దేశం దాటించే ముఠా దృష్టిలో ముఠా మనిషి, కల్నల్ గూఢచార సంస్థ దృష్టిలో సంస్థ మనిషి, తన దృష్టిలో తాను మహారాణి.

సంస్థ తురోవ్‌కు రేడియో ఉన్న పెన్ను కూడా ఇచ్చింది. స్టీమర్ ఎక్కిన గంటకే అది జేబులో సిరా కక్కింది. రేడియో ఎలాగూ పనిచెయ్యలేదు, కనీసం రాసుకుందామన్నా పనికిరాలేదు.

పొద్దున్నే కింది డెక్‌లో ఉలీతా కార్పొవ్నా అనే ముసలమ్మ తువ్వాలు విప్పింది. బిర్చి చెక్క పలక మీద చేప కూరిన పెద్ద రొట్టె. కూతురింటికి తీసుకెళ్తున్న ఆ రొట్టెను దారిలోనే అందరికీ పంచేసింది. తురోవ్ రెండు ముక్కలు తిన్నాడు. రొట్టె అయిపోయాక ఖాళీ పలకను ఆమె మళ్లీ తువ్వాల్లో చుట్టుకుంది.

ఎదుటి బెంచీ మీద పఖోమ్ అనే ముసలాయన, ఒళ్లో మూట పెట్టుకుని కూర్చున్నాడు. బొడ్డు దాకా గడ్డం. సాసర్‌లో టీ పోసుకుని జుర్రుతున్నాడు. గుక్క గుక్కకూ పాతకాలపు పద్ధతిలో రెండు వేళ్లతో శిలువ గుర్తు వేసుకుంటున్నాడు. పల్లెటూరి భక్తుడంటే ఇలాగే ఉండాలి.

"ఏ స్వామి నాయనా?" అంది ఉలీతా మూట చూసి.

"నికోలా స్వామి."

"మీ ఇంటి స్వామేనా?"

"కాదమ్మా. పినేగాలో ఒక విధవరాలి దగ్గర కొన్నాను."

ముసలమ్మ చేతిలో తన వాటా రొట్టె ముక్క ఆగిపోయింది. "కొన్నావా? దేవుణ్ణి కొన్నావా! సంతలో గొర్రెపిల్లనుకున్నావటయ్యా?"

"మరి మీ ఇంటి స్వామి ఏమయ్యాడు తాతా?" అన్నాడు తురోవ్ అమాయకంగా.

"కొంప అంటుకున్నప్పుడు కాలిపోయింది."

"కాలిపోయిందట!" ఉలీతా చెవులు మూసుకుంది. "ఎవడు కన్నాడయ్యా నిన్ను?"

ఆ ప్రశ్న తురోవ్‌కూ వచ్చింది. ఉత్తరాది పల్లెల్లో దేవుడి పటాన్ని కొన్నామని పసిపిల్ల కూడా అనదు. రూబుళ్లు చేతిలో పెట్టి తెచ్చుకున్నా "మార్చుకున్నాం" అంటారు. కాలిపోయినా "పైకి వెళ్లాడు" అంటారే తప్ప కాలిందనరు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనే మర్యాదే ఇదీనూ. తురోవ్ నాయనమ్మ ఆ మాటలతోనే అతన్ని పెంచింది. ఏ దేశపు గూఢచారి బడిలోనో లక్షలు పోసి ఈ పెద్దమనిషికి గడ్డం, సాసర్, శిలువ అన్నీ నేర్పారు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

తురోవ్ పై డెక్‌కు వెళ్లాడు. అప్పుడే నిద్ర లేచిన ఇంగా సెంటు గుబాళించే పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ సిగరెట్ వెలిగించింది.

"కనిపెట్టేశాను," అంది. "కింద ఉలీతా అనే ముసలి ఉందే, దాని తువ్వాల్లో ఉంది పటం. నికోలా ముఖం నా కళ్లతో చూశాను. రేవులో నేనే చూపిస్తాను. నువ్వు కదలకు డాక్టర్."

ఆ తువ్వాల్లో ఉన్నది ఖాళీ రొట్టె పలక. తురోవ్ పొట్టలో రెండు చేప ముక్కలు నవ్వాయి. అతనికి మాత్రం నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఈ సెంటు సీసానా యెగోర్ ప్రాణానికి వెల కట్టింది?

కిందికి దిగి ముసలమ్మ చెవిలో అన్నాడు: "అవ్వా, ఆ తాత దొంగ. నా తమ్ముడి ప్రాణం ఆ పటంలో ఉంది. నీ పలక కావాలి."

"నువ్వు పశువుల డాక్టరువి కాదూ?"

"కాదు."

"అనుకున్నాలే. మా ఆవు మేత మానేసిందని చెప్తే, పాపం అని ఊరుకున్నావు."

రేవు కనిపిస్తుండగా ఉలీతా లేచి గొంతెత్తింది. "నాయనా పఖోమ్! స్వామిని కొన్నానన్న పాపం నీకెందుకు? మూట విప్పు. అందరం మొక్కుకుంటాం."

పఖోమ్ ముఖం వాడింది. వేషం వేసుకున్నాక కాదనడం కుదరదు. పటం తీసి బెంచీ మీద పెట్టాడు. తలగుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు, దుంగలు కొట్టే మగవాళ్లు అందరూ మోకరిల్లారు.

"నుదురు నేలకు ఆనాలి! నేను చాలనే దాకా ఎవరూ లేవొద్దు," అంటూ ఉలీతా ప్రార్థన ఎత్తుకుంది. డెక్ మీద నుదుళ్లన్నీ నేలకు ఆనాయి. తురోవ్ ఒక్కడే లేచాడు. పఖోమ్ తల ఎత్తేసరికి అతని గుడ్డలోనే మూట భద్రంగా కట్టి ఉంది. దుమ్ము పడకుండా స్వామిని తానే చుట్టించానంది ఉలీతా.

స్టీమర్ ఇంకా గట్టుకు తగలక ముందే విదేశీ ఓడ తాలూకు మోటారు బోటు పక్కకు వచ్చింది. రేవు మీద కల్నల్, ఆయన మనుషులు నిలబడి ఉన్నారు.

"అదిగో ముసలిది! తువ్వాలు మూట పట్టుకోండి!" అరిచింది ఇంగా.

నిచ్చెన పడగానే అందరూ ఉలీతా మీదికి ఉరికారు. అదే అదనుగా పఖోమ్ తన మూటను బోటులోకి విసిరాడు. బోటు గిర్రున తిరిగి దూసుకుపోయింది.

కల్నల్ ముఖం పాలిపోయింది. "తురోవ్! బోటు! పోయింది!"

"ముందు తువ్వాలు విప్పండి కామ్రేడ్ కల్నల్. ఇంగా నిపుణురాలు కదా."

విప్పారు. నల్లబడిన రంగుల్లోంచి నికోలా స్వామి తీక్షణంగా చూస్తున్నాడు. తురోవ్ పటం తిప్పి వెనక బద్ద లాగాడు. వేలెడు ఫిల్మ్ చుట్ట అరచేతిలో పడింది.

"అది అక్కడెలా ఉంటుంది? ఉండకూడదే!" అంది ఇంగా.

అంతకు మించిన వాంగ్మూలం ఎవరూ అడగలేదు. ఆమె చేతులకు సంకెళ్లు పడ్డాయి. పఖోమ్ గడ్డం లాగి చూశారు. పాపం, అదొక్కటి మాత్రం అసలుదే.

తురోవ్ ఫిల్మ్‌ను గుప్పిట్లో బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక నీ ఇష్టం వచ్చినంత దగ్గుకోరా యెగోర్, అనుకున్నాడు.

కల్నల్ చెమట తుడుచుకున్నాడు. "రిపోర్టులో ఏం రాయను? పటం మనకెలా వచ్చిందని? కొన్నామనా?"

ఆ మాటకు ఉలీతా కొట్టేలా చెయ్యెత్తింది. తురోవ్ మధ్యలోకి వచ్చాడు.

"మార్చుకున్నామని రాయండి."

"దేంతో?"

"ఈ అవ్వ రొట్టె పలకతో. వాళ్లు బేరం కూడా ఆడలేదు."