మూయకూడని కిటికీ

ఆదివారం మధ్యాహ్నం. నందికొట్కూరు బయట విత్తనాల కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ గురకపెడుతోంది. ఎక్కడ చూసినా అమ్మోనియా వాసన. సాహితి కంప్యూటర్‌లో రూట్ లాగిన్ షెల్ మారుస్తోంది. రూట్ అంటే ఆ యంత్రానికి పెద్ద దిక్కయిన ఖాతా. ఆ పేరుతో లాగిన్ కాగానే ఆజ్ఞలు అందుకునే ప్రోగ్రామే షెల్. గిడ్డంగి తలుపులన్నీ రూట్ మాటే వింటాయి, బయటినుంచి చేత్తో తెరుచుకోవు. మూడో గదిలో మెకానిక్ ఆంజనేయ ఒక్కడే ఫ్యాను బాగుచేస్తున్నాడు. చల్లదనం పోకుండా తలుపు మూసి ఉంది.

ఆ తలుపుకు లోపలివైపు పిడి లేదు. కూలోళ్లు విత్తనాలు ఎత్తుకుపోతారని యజమాని సుధీర్ పీకించేశాడు. నిరుడు ఈరేష్ చచ్చిపోయింది ఆ గదిలోనే. సాహితికి పని నేర్పినవాడు. సుధీర్ గుండెపోటని రాయించాడు గానీ, పిడి మాత్రం పెట్టించలేదు మహానుభావుడు. మనిషి కన్నా మూట ముద్దు ఆయనకు.

"తెర మీద ఇంగో కిటికీలో కొత్త షెల్‌తో లాగిన్ అయ్యేదాకా పాత కిటికీ మూయొద్దు పాపా," అనేవాడు ఈరేష్.

సుధీర్ ఫోన్ చేశాడు. "ఇంకా కాలేదా? జీతాలు ఊరికే ఇస్తాండామా?"

ఒళ్లు మండి, కొత్త షెల్ ఉన్న చోటు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టింది సాహితి. సరిచూడకుండానే కిటికీ మూసేసింది. మళ్లీ లాగిన్ అవబోతే... రానివ్వలేదు. మళ్లీ... లేదు.

ఇంటర్‌కం మోగింది. "పనయిపోయిందమ్మా. తలుపు తియ్యి. శానా చలిగుండాది," అన్నాడు ఆంజనేయ.

"వస్తాండా అన్నా..." అంది. యంత్రాన్ని ఆపి వేరే దారిలో లేపేసరికి పొద్దుగూకుతుంది. అంతసేపు ఆ చలిలో మనిషి మిగలడు.

కంప్రెసర్ ఆగింది.

తెర మీద మూసేసిన కిటికీ దానంతటదే తెరుచుకుంది. రూట్‌గా లాగిన్ అయి ఉంది... ఎలా అని ఆలోచించలేదు. తలుపు తెరిచే ఆజ్ఞ కొట్టింది.

నడవలో ఇనుప తలుపు కదిలింది. కంబళి కప్పుకున్న మనిషి తల వంచుకుని వచ్చి ఆమె వెనక బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. సాహితికి ఏడుపొచ్చింది.

"తప్పయిపోయిందన్నా," అని గొణిగి, షెల్ సరిచేయడానికి తెర వైపు తిరిగింది.

ఇంటర్‌కం మోగింది.

"అమ్మా..." ఆంజనేయ గొంతే. పళ్లు టకటకమంటున్నాయి. "ఆయప్ప బయటికి పాయె గదా. నేను లేసేలోపల తలుపు యాల మూస్తివి?"

సాహితి వెనక్కి తిరగలేదు. కళ్ల ముందే తెర మీది కిటికీ మూసుకుంది. వెనక ఎవరో నెమ్మదిగా ఊపిరి వదిలారు...

"ఇంతసేపూ నాకు ఫ్యాను పట్టిచ్చినాడమ్మా. పేరడిగితే చెప్పలా. ఇంత చలిలో... ఆయప్ప చేతులు యాల అంత వెచ్చగుండాయి?"