పసిరిక పిట్టల మట్టికుప్ప

"మస్తు సాఫ్ జేసిన మేడం, సూడున్రి!" అంటూ ధర్మేందర్ జేసీబీ మీది నుంచే మీసం దువ్వాడు.

పద్మశ్రీ ముఖం చూడగానే చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. శనివారం దాకా నిటారుగా ఉన్న మట్టిగట్టు ఇప్పుడు చపాతీలా చదునుగా ఉంది మరి.

మల్లాపూర్ చివర ఆ క్వారీలో రాయి అయిపోయి రెండేళ్లయింది. గుంతను సరిచేసి, చెట్లు నాటి, పిట్టలకూ జంతువులకూ మళ్లీ చోటు చేసే పని నడుస్తోంది. దాన్ని చూసుకోవడం జువాలజీ చదివిన నాచారం పిల్ల పద్మశ్రీకి మొదటి ఉద్యోగం. ఉప్పల్ ధర్మేందర్‌ది సొంత జేసీబీ, ఏ పనైనా నున్నగా చేస్తాడని పేరు. ఆమెను మెప్పిద్దామని ఆదివారం కూడా వచ్చి గట్టును చెక్కేశాడు, పాపం.

"ఎవరు జెయ్యమన్నరు? పసిరిక పిట్టలు నిలువు గట్టుకే బొక్కలు తవ్వి గుడ్లు పెడ్తయి. ఇప్పుడు యాడ పెట్టాలె? నీ నెత్తి మీదనా?"

"జాగ సరిపోతే నాకేం ఫికర్ లేదు మేడం."

ఆమె నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. కోపం మాత్రం తగ్గలేదు.

ధర్మేందర్ మూడు రోజులు కష్టపడి మట్టి పోసి గట్టును మళ్లీ నిలువుగా కోశాడు. సన్నటి, పచ్చటి పసిరిక పిట్టలు వచ్చాయి, తీగ మీద కూర్చున్నాయి, గట్టును చూసి మొహం తిప్పుకున్నాయి. పద్మశ్రీ బైనాక్యులర్స్‌తో వాటిని చూసేది. అతను ఉత్త కళ్లతో ఆమెను చూసేవాడు.

"పిట్టలు అటున్నయి."

"ఎరుకే మేడం."

చివరికి అవి గూళ్లు తవ్వాయి. గట్టులో కాదు, పక్కనే పోసి ఉంచిన పైమట్టి కుప్పలో! వానలకు ముందే ఆ మట్టిని గుంతంతా పరచాలి.

"రేపే పరవాలె. లేకుంటే ఇంకో బండి దెస్త," అన్నాడు కాంట్రాక్టర్ భూషణం.

పద్మశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గూళ్లల్ల గుడ్లున్నయి. ఫారెస్టు ఆఫీసుకు పోయి పని ఆపే ఆర్డర్ దెస్త. అప్పటిదాంక ఆపుతవా?" అని ధర్మేందర్‌ను అడిగింది.

ధర్మేందర్ జేసీబీని దారికి అడ్డంగా పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. భూషణం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఇక నీకు ఇక్కడ పని లేదన్నాడు. ధర్మేందర్ కదల్లేదు. రెండు రోజులు ఏమీ తోచక నిజంగానే పిట్టలను చూశాడు. మగపిట్ట తూనీగను పట్టి, కొమ్మకేసి కొట్టి, ఆడపిట్ట నోటికి అందించింది. వీడు నాకంటే నయం అనుకున్నాడు.

మూడో రోజు జల్లు పడుతుండగా పద్మశ్రీ ఆర్డర్ కాగితం చున్నీ కింద దాచుకుని పరుగెత్తుకొచ్చింది. భూషణం రెండుసార్లు చదివి, గొణుక్కుంటూ మోటర్‌సైకిల్ ఎక్కాడు.

"పిట్టల కోసమే ఆపినవా?" అడిగింది.

"అబద్ధం జెప్ప. మొదలు నీ కోసమే ఆపిన. ఇయ్యాల వాటి కోసం గూడ. నువ్వంటే నాకు పానం."

"నాగ్గూడ," అంది పద్మశ్రీ, వానలో తడుస్తున్న సంగతే మరిచి.

వెనక ఎవరో దగ్గారు. "అమ్మా, నువ్వా?" అన్నాడు ధర్మేందర్. అతని తల్లి ఐలమ్మ! పని మాని పిట్టలకు కాపలా కూర్చున్న కొడుకును నాలుగు దులుపుదామని వచ్చింది. ఇద్దరినీ కిందికీ మీదికీ చూసింది.

"బిడ్డా, గీ పిట్టపిల్లలు ఎప్పుడు ఎగుర్తయి?"

"జూన్ ఆఖరుకు అత్తమ్మా," అనేసి పద్మశ్రీ నాలుక కరుచుకుంది.

"మంచిది. వాటి సంసారం ఒడ్డెక్కనియ్యి. బోనాలైనంక శ్రావణంల మీ లగ్గం పెట్టుకుందం."